రాలిన పండు మాది

ఇక్కడ ఖతార్‌లో, కంపెనీ పంపితే అల్ హిలాల్‌లో నేను తోటపని చేసే విల్లాలో ఈ ఏడు ఖర్జూరాలు విరగకాశాయి, పొద్దున్నే చీపురు పట్టుకుని వెళ్ళేసరికి చెట్ల కింద నేలంతా పండ్లే. ఇంటావిడ యల్లా యల్లా అని తొందరపెడుతుంటే అన్నిటినీ నల్ల సంచుల్లోకి ఎత్తి చెత్తబండిలో వేస్తాను గానీ, ఆ పులిసిన తీపి వాసన ముక్కుకు తగిలాక ఒక్క పండైనా నోట పెట్టలేను. షుగరేమోనని క్యాంపులో నా గదివాళ్ళు అంటారు. షుగరు కాదని మీకు మాత్రం చెబుతున్నాను.

జగిత్యాల దిక్కున పందులు మేపుకునే ఎరుకల ఇల్లు మాది. ఇక్కడ ఆ జంతువు పేరెత్తలేను, ఎవరైనా అడిగితే బుట్టలల్లేవాళ్ళమంటాను, అదీ అబద్ధమేమీ కాదు. మా ఊరి ఈతవనంలో మాకొక హక్కుండేది: మొదటి పండు రాలిన రోజు నుంచి తొలివాన పడేదాకా కింద పడ్డ పండు మా పందులది, చెట్టు మీది కల్లు గీసేవాళ్ళది. వాన పడితే పక్క చేలలో విత్తనం వేస్తారు కనుక, ఆ పొద్దు గుంకేలోపు ఒక్క పంది కూడా వనంలో ఉండకూడదు. కాగితం లేదు, సంతకం లేదు. తాతల నాటి నుంచీ ఎవరూ తప్పలేదు.

తప్పింది నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఏడాది. ఒక తల్లిపంది నోట గడ్డి కరుచుకుని తిరుగుతోంది, అంటే ఈనడానికి చోటు చూసుకుంటోందన్నమాట. దాన్ని ఇంటి దగ్గరే ఆపమని నాయన చెప్పి మరీ వెళ్ళాడు, అయినా చివరి పండ్లు నాలుగు తింటే పాలు బాగా పడతాయని నేనే తోలుకుపోయాను. అది ఈతపొదలో దూరి ఈనింది. ఆ సాయంత్రమే వాన దంచింది. దాన్ని అక్కడే వదిలి ఇంటికొచ్చి నాయనకు చెప్పేసరికి చీకటి పడిపోయింది.

తెల్లారి బుట్ట పట్టుకుని నేనూ నాయనా పరుగెత్తాం. నేను పొదలోకి పాకి పిల్లలను బుట్టలోకి ఎత్తుతుండగానే, వనం పక్క చేను ఆసామి నలుగురిని వెంటేసుకుని గొడ్డళ్ళతో, బరిసెలతో వచ్చాడు. వనాన్ని తన చేనులో కలుపుకోవడానికి ఏళ్ళ తరబడి సాకు వెతుక్కుంటున్న మనిషి.

"వాన పడ్డది. మీ హద్దు తీరింది," అన్నాడు.

"ఈనిన పంది పటేలా. బెదిరిస్తే దాని పిల్లలను అదే తొక్కి సంపుతది. జర ఆగుండ్రి, తీస్కపోత," అని నాయన చేతులు జోడించాడు.

ఆ జోడించిన చేతుల మీదే గొడ్డలి తిరగేసి కొట్టారు. పచ్చికట్టె విరిచినట్టు ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. తల్లిపంది ఉరికి ఒకడి పిక్క చీల్చింది. మిగతావాళ్ళు దాన్ని బరిసెలతో నేలకు గుచ్చి, అరుపు ఆగేదాకా పొడిచారు, నెత్తురు వాననీళ్ళలో కలిసి రాలిన పండ్ల మీదుగా నా మోచేతుల దాకా పారింది. కింద పడ్డ నాయనను నెత్తురు కక్కేదాకా తన్నారు. నేనెక్కడున్నాను? ఇరవై అడుగుల దూరంలో, పొదలో, బుట్ట మీద బోర్లా పడుకుని ఉన్నాను. పిల్లలు కీచుమంటే నన్నూ చంపుతారని, వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఒంటి బరువంతా వేసి అదిమాను. పిరికివాణ్ణి, ఇంకో మాట లేదు.

లేచి చూస్తే తొమ్మిది పిల్లల్లో రెండు చచ్చి ఉన్నాయి. ముందు వాటిని మట్టి తవ్వి పూడ్చాను, ఆ తర్వాతే నాయనను భుజానికెత్తుకున్నాను. దారిలో ఆయన కళ్ళు తెరిచి ఎన్ని పిల్లలని అడిగాడు. ఏడే ఈనిందన్నాను.

హద్దు తప్పింది మేమేనని పంచాయితీలో తేల్చారు, నిజం కనుక నాయన ఒప్పుకున్నాడు. హక్కు పోయింది, మంద పోయింది, నాయన వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు, బుట్ట అల్లలేదు. నేను ఖతార్ వచ్చాను, ఊళ్ళో మాత్రం దుబాయ్ పోయాడన్నారు.

ఇప్పుడు ఆ వనం లేదు, ప్లాట్ల రాళ్ళు పాతారట. రాలిన పండుకూ ఒక హక్కుదారు ఉంటాడన్న మాట మన తరంతోనే పోతుంది కాబోలు. ఇక్కడా అక్కడా రాలిందంతా చెత్తే. నాయన పోయి మూడేళ్ళయింది. పోయే ముందు ఫోన్లో అన్నాడు: "నా చేయి పోతే పోయింది బిడ్డా, ఏడింటికి ఏడు కాపాడినవ్."

తొమ్మిది నాయినా, అని ఒక్క మాట అనాల్సింది. ఊఁ కొట్టాను.