నుదురనుకుని పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి ఊళ్లో ఏ వార్తయినా ముందు రేడియో మామకు తెలిసేది, తర్వాతే జరిగేది. (మామకు రేడియో లేదు, నోరే రేడియో.) "మెడల ఏసుకుంటే తొవ్వ చెప్పే మిషనొచ్చిందట బిడ్డా! ఎదురుంగ ఏదన్న ఉంటే వణుకుతదట" అని ఆయన చెప్పాకే, పుట్టుకతో చూపులేని నాకు అలాంటిదొకటి ఉందని తెలిసింది. తిరిగి తిరిగి తెప్పించిందీ ఆయనే. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అప్పటికి కామారెడ్డిలో ఒక ఆఫీసులో ఫోన్లెత్తే నౌకరీ చేతికందేలా ఉంది. నేను బడికి పోలేదు. అమ్మ తంబాకు నింపి బీడీలు చుడుతూ నోటితో చెప్పిందే నా చదువు. నా మాట తీరు నచ్చిన సారు ఒక్క షరతు పెట్టాడు: "సోమారం పదింటికి ఒక్కదానివే రావాలె. తోడు తెచ్చుకుంటే నౌకరీ తోడుకే ఇస్త." బస్టాండు నుంచి ఆఫీసు దాకా అమ్మ భుజం పట్టుకుని నాలుగుసార్లు నడిచి దారి నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం ఇల్లు కదలనని అమ్మతో దేవుడి ముందు ఒట్టు వేయించాను.

సోమవారం పొద్దున దీపం పెట్టి, మిషన్‌కు దండం పెట్టి, నున్నగా గుండ్రంగా వేలికి తగిలిన చోట తడి కుంకుమతో ఇంత బొట్టు పెట్టాను. దాని నుదురు అదేననుకున్నాను మరి. చేతికర్ర ఇంట్లోనే వదిలేశాను (పొగరు). మామ బస్సెక్కించాడు. కామారెడ్డిలో దిగి మీట నొక్కానో లేదో, గుండె మీద ఒకటే వణుకు. ఎదురుగా మనిషున్నాడనుకుని "జరుగన్నా" అన్నాను. జరగలేదు. ఎడమకు తిరిగితే అక్కడా వణుకే, కుడికి తిరిగినా అంతే. కామారెడ్డి జనమంతా నన్ను చూడటానికే వచ్చినట్టున్నారని కాస్త గర్వపడ్డాను కూడా.

"ఎవల్ని జరుగమంటున్నవ్ చెల్లె? నీ ముంగట పిట్ట గూడ లేదు," అన్నాడు పల్లీలమ్మే అన్న.

"ఉన్నరు. మిషన్ చెప్తున్నది," అన్నాను నేను.

పదికి పావుగంటే ఉందని ఫోను చెప్పింది. అడుగు పడటం లేదు, ఏడుపొస్తోంది. అంతలో వెనక నుంచి తంబాకు వాసన, దాని వెంటే ఒక కొంగు వచ్చి నా మెడలోని మిషన్‌ను బరబరా తుడిచింది.

"కంట్ల కుంకుమ కొడితే గదేం జూస్తది? దేవునికన్న నొసటికి పెడ్తం గదనే!"

"అమ్మా! రానని ఒట్టు పెట్టినవ్ గద!"

"నేనేడ వచ్చిన? నువ్వు చూసినవా?"

నిజమే, చూడలేదు. సారు అడిగితే అదే చెబుదామనుకున్నాను. (అడగలేదు.) వణుకు ఆగింది. నడిచాను. వెనక తంబాకు వాసన రాలేదు. ఆ రోజు నిజంగా భయమేసింది అప్పుడే. పదికి రెండు నిమిషాల ముందు ఆఫీసు గడప దాటాను.

ఇప్పుడు నా మెడలో ఉన్నది నాలుగో మిషన్. బొట్టు మానలేదు, వెనకవైపు పెడుతున్నాను. ముందువైపు పెడితే తుడవడానికి అమ్మ లేదు. ఊరంతా తనను చూడటానికి వచ్చిందనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. మీలో కళ్లద్దాలున్నవారు, కొంగుతోనో చొక్కా అంచుతోనో అవి తుడుచుకునేటప్పుడు ఒక్కసారి మా అమ్మను తలుచుకోండి.