నెయ్యి దోసెకు అరబ్బీ మాట

డెబ్బైలు ముగిసే కాలానికి మా ధర్మవరంలో బి.ఏ. చదివిన ఆడపిల్ల అంటే ఊరందరి ఉమ్మడి సొత్తు. ఆస్పత్రి కాగితం వచ్చినా, కోర్టు నుంచి నోటీసు వచ్చినా, మందు సీసా మీద ఏముందో తెలుసుకోవాలన్నా మా ఇంటికే వచ్చేవారు. అందులో సగం నాకు అర్థమయ్యేది కాదు. కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు నాకు లేదు. గంభీరంగా తలాడించి ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. మందు సీసాల వాళ్ళను దేవుడే కాపాడి ఉండాలి.

అలాంటి రోజుల్లో సావుకారి మా నాయనతో నాకు కబురు పంపాడు. పట్టు, జరీ ఆయన ఇస్తే మా నాయన ఇంట్లో గుంటమగ్గం మీద చీర నేసి మళ్ళీ ఆయన అంగట్లోనే అప్పజెప్పేవాడు. సావుకారికి బొంబాయి ఏజెంటు ఒకడు తగిలి, అరబ్బు దేశంలో ఒక బట్టల అంగడికి మన పట్టు పంపిద్దామన్నాడట. దానికోసం ఆ ఏజెంటే ఇంగ్లీషులో ఒక కరపత్రం రాసి పంపాడు. దాని కిందే అరబ్బీలో కూడా ఉండాలి. బొంబాయిలో రాయిస్తే ఊరికే చేయరు కదా.

"మనూర్లో హజరత్ సాబుకు అరబ్బీ వస్తాది, నీకు ఇంగ్లీషు వస్తాది. ఇద్దరూ కూచోని చేసేయండి. బాగొచ్చిందంటే మన అంగట్లోనే నీకు రాతపని ఇస్తాలే" అని చెప్పి పంపాడు సావుకారి.

ఉద్యోగం మాట వినగానే ఇంట్లో అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ ఏడు కూడా వానల్లేవు. బయట చేలల్లో చెనిక్కాయ చెట్లు ఎండితే, ఇంట్లో మగ్గం మీద పోగులు ఎండేవి. గాలిలో తేమ లేకపోతే పట్టుపోగు టపటపా తెగుతుంది. అందుకని మగ్గం గుంటలో నీళ్ళు చల్లుతారు. తాగే నీళ్ళకే బిందెలు పట్టుకుని తిరుగుతుంటే గుంటలో చల్లే నీళ్ళెక్కడివి? నాయన నేసేదానికంటే తెగిన పోగులు ముడేసుకునేదే ఎక్కువగా ఉండేది. చీరకూ చీరకూ మధ్య రోజులు పెరిగేకొద్దీ మా కంచాల్లో సంగటి ముద్దలు చిన్నవయ్యాయి.

హజరత్ అంటే మసీదు వసారాలో పిల్లలకు అరబ్బీ చదివించే పెద్దాయన. గడ్డం నెరిసిన మనిషి, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. ఎంత పెద్దవాడైనా పెండ్లికాని పిల్ల ఒంటరిగా పరాయి మగవాడి ముందు కూర్చుంటే ఊరు ఊరుకోదని, నాయన మగ్గం ఆపి నాతో వచ్చాడు. వసారాలో ఒక మూల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హజరత్ చాప పరిచి, సిరాబుడ్డి, వెదురు కలం ముందు పెట్టుకుని, "చెప్పు పాపా" అన్నాడు.

మొదటి మాటే "ఇండల్జ్ యువర్‌సెల్ఫ్".

"నిన్ను నువ్వు గారాబం చేసుకో" అన్నాను.

హజరత్ కలం ఎత్తలేదు. "గారాబం ఇంగొకరు చేస్తారు పాపా. తన్ను తానే యాడన్నా చేసుకుంటారా?"

"అంటే, ఖర్చు చూసుకోకుండా సుఖపడమని."

"అది ఇస్రాఫ్. దుబారా. పాపం అది. అంగడివాళ్ళు పాపం చేయమని అచ్చేసుకుంటారా?"

"మనసు కోరింది చేయమని అనుకోండి."

ఆయన ఒక మాట అనబోయి, మా నాయన వైపు చూసి, గొంతు తగ్గించి, "అది రాయగూడదు. ఆడపిల్ల ముందర చెప్పనుగూడా గూడదు" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి.

ఆ మాటను పక్కన పెట్టి కిందికి పోయాం. అక్కడ ఇంకా ఘోరం. పట్టు ఒంటికి తగిలితే కలిగే హాయి గురించి ఆ బొంబాయివాడు సిగ్గూ ఎగ్గూ లేకుండా ఒక పేరా రాశాడు. హాస్టల్లో నవలల్లో అలాంటివి దుప్పటి కప్పుకుని చదివినదాన్నే. కానీ గోడ దగ్గర నాయన కూర్చుని, బొటనవేలిలో ఇరుక్కున్న పట్టునూగు తీసుకుంటున్నాడు. నేను ఆ పేరా అంతా చూసి, "బట్ట మెత్తగా ఉంటుంది" అన్నాను. హజరత్ సంతోషంగా రాసుకున్నాడు. తరువాతి పేరాకు "ఉతికితే రంగు పోదు" అన్నాను. ఇంగ్లీషులో ఆ సంగతే లేదు. రాత్రులు, దీపాలు, మెడ వంటి మాటలున్నాయి.

అలా అన్నీ మెత్తదనంలోకీ రంగులోకీ మార్చేశాక మళ్ళీ మొదటి మాట మిగిలింది. అది పెద్ద అక్షరాల్లో ఉంది, దాటేసేందుకు వీల్లేదు.

"నా అరబ్బీ అంతా నమాజుది పాపా" అన్నాడు హజరత్. "దాంట్లో సుఖానికి రెండు మూటలుండాయి. ఒకటి పాపం మూట, ఒకటి స్వర్గం మూట. వీళ్ళు అడుగుతాండేది రెండిట్లో యాడిదో నాకు తెలీడంలే. ఏదన్నా ఒక మనిషిని చూపిచ్చి చెప్పు."

నాకు అలాంటి మనిషి గుర్తుకు రాలేదు. మా వీధిలో తనను తాను గారాబం చేసుకునేవాళ్ళెవరు? అందుకని తెలివితేటలు చూపించాను. కాలేజీలో మాకు నేర్పింది అదే, మాట అర్థం కాకపోతే దాని వ్యతిరేకం చెప్పడం.

"దానికి వ్యతిరేకం చెప్తాను సాబ్. మా నాయన ఉన్నాడు కదా. చీర అప్పజెప్పి వచ్చిన రోజు ఆకలి లేదని తన ముద్దలో సగం తుంచి మాకు పెడతాడు. నా చిన్నప్పటి నుంచీ అంతే. తనకు లేకపోయినా మాకు పెడతాడు. అలా కాకుండా ఉండటమే ఈ ఇంగ్లీషు మాట."

చెబుతుంటే నా గొంతు వణికింది. ఆ కథ చెప్పినప్పుడల్లా వణికేది. అనంతపురం హాస్టల్లో ఎన్నిసార్లు చెప్పానో. విన్న అమ్మాయిలు కళ్ళు తుడుచుకునేవారు. ఒకతె నా పాత చెప్పులు చూసి తన కొత్తవి ఇచ్చింది కూడా. ఆ సగం ముద్ద మీదే నేను హాస్టల్లో గొప్పదాన్నయ్యాను.

హజరత్ మా నాయన వైపు తిరిగి గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దేవుడు నిన్ను సల్లగా చూడాలప్పా" అన్నాడు.

నాయన తల దించుకున్నాడు. "సాబూ, పాప చెప్పింది నిజం గాదు" అన్నాడు.

నేను తిరిగి చూశాను.

"చీర ఇచ్చినపొద్దు నాకు నిజంగానే ఆకలుండదు. బస్టాండు కాడ ఉడిపి హోటల్లో నెయ్యి దోసె తినేసి వస్తా. వచ్చి సంగటి ముందర కూచుంటే దిగదు. అందుకని పిల్లోళ్ళకు పెడతాండా. నాయన కడుపు కట్టుకుంటాండాడని వాళ్ళనుకుంటాండారు. కాదని నేను చెప్పలే."

"ఒక్కనివే పోతావా?" అని అడిగాడు హజరత్. ఆ గొంతులో కోపం లేదు.

"ఒక్కన్నే. ఫ్యాను కింద బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడుకోనుంటా. దోసె వస్తానే తినను, కాసేపు చూస్తా. సుట్టూ అంచులు తుంచుకోని తింటా. నెయ్యీ ఎర్రకారం ఉండే నడిమి ముక్క కడాకు పెట్టుకుంటా. ఆ ముక్క తినేటప్పుడు, సాబూ, ఇంట్లో ఎవురూ గ్యాపకానికి రారు. నాకు పెండ్లే కాలేదేమో అనిపిస్తాది. అది నోట్లో..."

"నాయనా, చాల్లే" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. మూతి దగ్గర ఏమీ లేకపోయినా భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఆయన తిన్నందుకు కాదు, పరాయి మనిషి ముందు ఆ రుచిని అంత ఇష్టంగా చెప్పినందుకు. మా నాయనకు చేతులున్నాయని తెలుసు, నడుము నొప్పి ఉందని తెలుసు. నాలుక ఒకటి ఉందని ఇరవై ఏళ్ళు దాటినా నాకు తోచలేదు. నేను కన్నీళ్ళు పెట్టుకుని తిన్న ముద్దలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చినట్టయింది. తల ఎత్తలేక చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను.

హజరత్ కలం సిరాలో ముంచి నిదానంగా ఒక మాట రాశాడు. "నయీమ్" అని చదివాడు. "ఇది స్వర్గం మూటలోదే. అయితే భూమ్మీద తిన్నదానికీ తాగినదానికీ గూడా ఈ మాట వస్తాది. కడాపటి దినం దీన్ని గురించి మనిషిని అడుగుతారు. సల్లని నీళ్ళు తాగినా అడుగుతారు, నీడన కూచున్నా అడుగుతారు."

"దోసెకు గూడా అడుగుతారా సాబూ?" అన్నాడు నాయన, నేల చూస్తూనే.

"అడుగుతారప్పా. అడుగుతారనే చెప్పినారు, కొడతారని చెప్పలేదు."

ఇంటికి బయలుదేరాం. నాయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. వెనక నుంచి ఆయన మెడ చూస్తూ నడిచాను.

తరువాతి చీర పూర్తయింది. నాయన అంగట్లో ఇచ్చి, ఎప్పటికంటే ముందే ఇంటికి వచ్చేశాడు. సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాం. మా చిన్న తమ్ముడు అలవాటుగా కంచం ముందుకు జరిపి చూస్తున్నాడు. నాయన తన ముద్దంతా తానే తిన్నాడు. తిని, కంచం కూడా వేలితో తుడిచాడు.

"నాయనా, ఈపొద్దు మాకు పెట్టవా?" అన్నాడు తమ్ముడు.

"ఈపొద్దు ఆకలుండాది రా" అన్నాడు.

అమ్మ ఏమీ అర్థంకాక నా వైపు చూసింది. నేను నీళ్ళ చెంబు వెతికే నెపంతో లేచాను. చాల్లే అన్న నా ఒక్క మాటతో ఆయన దోసె పోయింది, తమ్ముడికి సగం ముద్దా పోయింది. ఆ తరువాతి చీరకూ అంతే, ఆ పై చీరకూ అంతే.

కరపత్రం అచ్చయింది, నాకు అంగట్లో రాతపని దొరికింది. అరబ్బు దేశం వాళ్ళు దాన్ని చదివి ఏమనుకున్నారో గానీ, రెండోసారి పట్టు అడగలేదు. మిగిలిన కాగితాలను సావుకారి పొట్లాలకు వాడబోతే, అరబ్బీ అక్షరాలు కాళ్ళ కింద పడకూడదని హజరత్ వచ్చి కట్ట మొత్తం ఎత్తుకెళ్ళాడు. నా ఉద్యోగం మాత్రం నిలిచింది. మొదటి జీతం అందగానే అదే హోటల్లో అందరికీ నెయ్యి దోసెలు కట్టించుకుని వచ్చాను. ఇల్లు చేరేసరికి అవి చల్లారి, నెయ్యి గడ్డకట్టింది. తమ్ముళ్ళు ఎగబడి తిన్నారు. నాయన మా అందరి మధ్యా కూర్చుని మందు మింగినట్టు మింగాడు. అంచులూ నడిమి ముక్కా అని చూసుకోలేదు. "బాగుండాది పాపా" అన్నాడు నన్ను చూడకుండా. ఆ రాత్రి నాకు సిగ్గుతో నిద్ర పట్టలేదు. మళ్ళీ కట్టించుకుని తెస్తే ఇంకా పాడుచేసినదాన్నవుతానని మాత్రం తెలిసింది.

అటుపైన ఒకరోజు నేను అంగట్లో ఉండగా నాయన చీర తెచ్చాడు. సావుకారి మడత విప్పి, అంచు చూసి, లోపల పెట్టమన్నాడు. నాయన తువ్వాలు దులుపుకుని మెట్లు దిగబోతుంటే వెనకే వెళ్ళాను.

"నాయనా, నేను ఈపొద్దు పొద్దు మునిగినాంక వస్తా. అమ్మతో నేను చెప్పుకుంటాలే. నువ్వు గూడా నిదానంగా పో. ఎండగా ఉండాది, యాడన్నా ఫ్యాను కింద కూచోని పో" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూడలేదు. ఎదురుగా ఉన్న సైకిల్ రిపేరు కొట్టు చూస్తూ, "ఊ" అన్నాడు. బస్టాండు వైపు పోయాడో ఇంటివైపు పోయాడో చూడకుండా నేను లోపలికి వచ్చేశాను.

పొద్దు మునిగాక ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కంచాలు పెడుతోంది. అందరం కూర్చున్నాం. నాయన సంగటి ముద్ద ముందు కాసేపు ఊరికే కూర్చుని, "ఆకలి లేదు" అన్నాడు. సగం తుంచి తమ్ముడి కంచంలో పెట్టాడు. అమ్మ, "ఎప్పుడూ ఇంతే ఈ మనిషి, కడుపు మాడ్చుకుంటాడు" అని కొంగుతో కళ్ళు అద్దుకుంది.

ఆయన అప్పుడు నా వైపు చూశాడు, నేను ఏమంటానోనని.

నేను నా కంచం ముందుకు జరిపి, "నాక్కూడా పెట్టు నాయనా" అన్నాను.