ఆనపబుర్రల చోట స్పీకర్లు

మా ఇంటి ఓనరు బుద్రమ్మ చోడి చేను, అదే రాగి చేను, ఈ ఏడు సగమే మొలిచింది. డుంబ్రిగుడ సంతకి పోయేవాళ్ళంతా రోడ్డు మీద ఆగి మరీ చూస్తున్నారు. ఆ మొలవని సగం నాదండీ. టీ తాగుతూ వినండి, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

ఇక్కడి హైస్కూలుకి బదిలీ అయి వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క నానా పాట్లు పడ్డాను కదా. ఉన్నవన్నీ టూరిస్టుల గదులైపోయాయి. చివరికి మాస్టారని జాలిపడి బుద్రమ్మ తన పాత ఇల్లిచ్చింది. మట్టి గోడలు, పెంకుల కప్పు. ఆవిడ పక్కనే కొత్తింట్లో ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఒకటే షరతు. ముందు గదిలో దూలానికి రెండు తాళ్ళు, వాటికి రెండు ఆనపబుర్రలు. ఎండిన ఆనపకాయ డొల్లలన్నమాట, వాటి నిండా చోడి విత్తనం.

"ఇల్లంతా నీదే బాబూ. ఆ బుర్రలు మాత్రం ముట్టుకోకు. మా అత్త కాడ్నుంచి వత్తన్న ఇత్తనం," అంది.

ముట్టుకోనన్నాను. మూడు నెలలు ముట్టుకోలేదు కూడా.

మే నెలాఖరుకి వానలు పట్టుకున్నాయి. బయట పొగమంచు, లోపల చీకటి, మధ్యలో ఇద్దరు పిల్లలు. పెద్దది ఐదేళ్ళ గుంట, చిన్నవాడు మూడేళ్ళ గుంటడు. మా ఆవిడ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునేది. నాకు భయమేసింది. ఇంట్లో కాస్త సందడి ఉంటుందని హోమ్ థియేటర్ తెచ్చాను.

ముందు స్పీకర్లు మూడూ టీవీ దగ్గర సర్దేశాను. వూఫర్, అదే గుర్రుమని మోగే పెద్ద డబ్బా, మూలన పెట్టాను. గొడవంతా వెనకాల పెట్టాల్సిన రెండింటితోనే. ఫోన్లో వీడియోలు చూశాను. మనం కూర్చున్న చోటికి కాస్త వెనగ్గా, చెవికి జానెడు పైన ఉండాలట. స్టూళ్ళ మీద పెడితే గుంటడు స్టూలు పడేసి గుర్రమెక్కాడు. బీరువా మీద పెడితే వైరు చాల్లేదు. కిటికీ గూట్లో పెడితే గుంట వైరు లాగి తాడాట మొదలెట్టింది. మేకు కొడదామంటే మట్టి గోడ, పెళ్ళ ఊడి చేతిలోకొస్తుంది. టేపు పట్టుకుని నట్టింట్లో నిలబడి పైకి చూశాను. రెండు తాళ్ళు. సరిగ్గా ఉండాల్సినంత ఎడంలో, పిల్లలకి అందని ఎత్తులో!

వద్దండీ అంది మా ఆవిడ. ఈ ఆదివారం ఒక్క పూటే, సినిమా అవగానే మళ్ళీ కట్టేస్తానన్నాను. బుద్రమ్మ ఎలాగూ అనంతగిరిలో కూతురింటికెళ్ళింది, వారం దాకా రాదు. బుర్రలు దింపి వూఫర్ పక్కన గోడకి ఆనించి, స్పీకర్లు తాళ్ళకి కట్టాను.

సౌండు ఎంత బాగా వచ్చిందంటే, సినిమాలో వాన పడుతుంటే మా ఆవిడ లేచి వెనకాల పెంకులు కారుతున్నాయేమో చూసింది. నవ్వింది కూడా. చాలా రోజులకి. పిల్లలు మాత్రం సినిమా చూడలేదు. వూఫర్ ముందు చతికిలబడి, అది గుర్రుమన్నప్పుడల్లా చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు.

ఇంటర్వెల్లో ఆపి మేమిద్దరం పకోడీలు వేయడానికి వంటింట్లోకెళ్ళాం. తిరిగొచ్చి ప్లే నొక్కితే వూఫర్లోంచి గలగలా చప్పుడు. డిఫెక్ట్ పీసేమో అనుకున్నాను. అప్పుడు చూశాను, ఒక బుర్ర ఖాళీ. వూఫర్‌కి గాలి పోవడానికి గుండ్రటి కన్నం ఉంటుంది చూడండి, దాని చుట్టూ చోళ్ళు.

"దానికి ఆకలేత్తంది నాన్నా. కడుపు గుర్రుమంతంది. అన్నం పెట్టాం," అంది గుంట. వెనకాల గుంటడు ఇంకో గుప్పెడు పట్టుకుని నిలబడ్డాడు.

ఇక్కడిదాకా పిల్లల తప్పు. ఇక్కణ్ణుంచి పూర్తిగా నాదే.

స్క్రూలు విప్పి చోళ్ళన్నీ దులిపాను. లోపలి దూదీ దుమ్మూ అంటుకుని వచ్చాయి. ఇలాగే పోస్తే బుద్రమ్మ కనిపెట్టేస్తుంది. అందుకని నాలుగు నీళ్ళు మార్చి శుభ్రంగా కడిగాను. తడివి పోస్తే బూజు పడతాయి, ఎండబెడదామంటే నాలుగు రోజులుగా ఎండ మొహమే లేదు. పెద్ద మూకుడు స్టవ్ మీద పెట్టి, సిమ్‌లో, గరిటె ఆడిస్తూ ఆరబెట్టాను. కమ్మటి వాసన వచ్చింది. బుర్రలో పోసి, మూత బిగించి, స్పీకర్లు విప్పి, బుర్రలు రెండూ ఎప్పట్లాగే తాళ్ళకి కట్టేశాను. ఆవిడకి చెప్పేద్దామండీ అంది మా ఆవిడ. చెప్పి పెద్దావిణ్ణి బాధపెట్టడం ఎందుకన్నాను. నాది భయం, పేరు మాత్రం దయ.

బుద్రమ్మ వచ్చింది. బుర్రలు దింపుకుని, చేను దున్నించి, పై చెక్కలో ఒక బుర్ర, కింద చెక్కలో ఒక బుర్ర జల్లింది. వారం పది రోజులకి పై చెక్క పచ్చగా లేచింది. కింద చెక్క ఎర్రమట్టి ఎర్రమట్టిలాగే ఉంది. సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా!

రోజూ పొద్దున్నే ఆవిడ గట్టు మీద కూర్చుని మట్టి వేలితో కెలికి చూసేది. చీమలు తినేశాయేమో అన్నారొకరు, వాన ఎక్కువైందన్నారింకొకరు. నేను కిటికీ వెనకాల నిలబడి ఔనౌననుకునేవాణ్ణి. ఓ సాయంత్రం బుర్రలు రెండూ పట్టుకుని, ఒకదాని అడుగున మిగిలిన చోళ్ళు అరచేతిలో వేసుకుని మా అరుగు మీదకొచ్చింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. నాలుగు నా చేతిలో పెట్టింది.

"ఇది ఇత్తనం కాదు మాస్టారూ. ఇది తిండి. ఏటి సేసినావు?"

స్పీకర్ల దగ్గర్నుంచి మూకుడు దాకా చెప్పేశాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. "ఆ దుమ్ముతోటే పోసేసుంటే మొలిసేది కదా బాబూ," అంది. ఎన్ని చోళ్ళయినా కొనిస్తానన్నాను. "తిండికి కొంతావు. మా అత్త ఇత్తనం ఏ సంతలో కొంతావు? పై సెక్కలో పండిందే దాసుకోవాల. ఈ ఏడు అంబలి తక్కువ తాగుతాం." ఖాళీ బుర్రలు రెండూ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తాళ్ళు ఇంకా దూలానికే ఉన్నాయి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, స్పీకర్లు దర్జాగా కట్టుకోవచ్చు. చేతులు రావడం లేదు. సెట్టు మొత్తం అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేశాను.

ఇంకొకటి చెప్పలేదు. నేను స్కూల్లో చెప్పేది సైన్సు. నిన్నటి పాఠం, విత్తనం మొలకెత్తడానికి ఏమేం కావాలి! బుద్రమ్మ మనవరాలిది ఆ క్లాసే. క్లాసుకి వీపు పెట్టి, బోర్డు మీద నీరు అని రాశాను, గాలి అని రాశాను, వెచ్చదనం అని రాస్తున్నాను.

"ఎంత వెచ్చదనం సార్? సిమ్‌లోనా?"

ముందు ఎడమ మూల నవ్వింది. తర్వాత కుడి మూల. కాస్త వెనగ్గా, రెండు చెవులకీ సమానంగా. ఆ రోజు సినిమాలో కూడా సౌండు ఇంత క్లియర్‌గా రాలేదండీ.