మసిగుడ్డల సెంటిమెంటు

మా అమ్మమ్మ పుష్పవల్లి కుట్టిన మసిగుడ్డ చేతిలో ఉంటే, పొయ్యి మీంచి అప్పుడే దింపిన గిన్నె కూడా కాలదు. ఈ మాట ఆమే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు, మధ్యలో కంబళి ముక్క, పైన సినిమా దుస్తులు కుట్టగా మిగిలిన రంగు పీలికలు. అన్నీ కలిపి బొంత కుట్టినట్టు అడ్డంగా, నిలువుగా కుట్లు వేసి, చుట్టూ అంచు రెండుసార్లు మడిచి కుడుతుంది. జార్జెట్ పీలికలు మాత్రం ముట్టదు. వేడికి కరిగి చేతికి అంటుకుంటాయి.

ఈ గుడ్డలే ఆమెను జూబ్లీహిల్స్‌లో బంధించాయి.

నిర్మాత వెంకటరత్నం గారు మద్రాసు వదిలి వచ్చి, 1986లో ఇక్కడి బండలు పేల్చి ఇల్లు కట్టుకున్నారు. యూసుఫ్‌గూడలో జాకెట్లు కుట్టుకునే పుష్పవల్లిని ఆయన భార్య శారదాదేవి గారు కర్టెన్లు కుట్టడానికి పిలిపించారు. కర్టెన్లు అయ్యాక మిగిలిన గుడ్డతో పుష్పవల్లి వంటింటికి నాలుగు మసిగుడ్డలు కుట్టిచ్చింది. ఆ వారమే కొత్త సినిమా ముహూర్తం. పొగలు కక్కే సాంబారు గుండిగలను ఆ గుడ్డలతోనే పట్టుకుని ఇంటి నుంచి సెట్‌కు చేర్చారు. సినిమా నూరు రోజులు ఆడింది. పాటల వల్ల ఆడిందని కొందరన్నారు, ఫైట్ల వల్లని కొందరన్నారు. వెంకటరత్నం గారు మాత్రం వెనకటి ఫ్లాపుల్లో లేనిది ఇందులో ఏముందా అని ఆలోచించి, ఆలోచించి, మసిగుడ్డల దగ్గర ఆగారు. రెండో సినిమాకు కొత్తవి కుట్టించారు. అదీ ఆడింది. ఇక అది సెంటిమెంటు అయి కూర్చుంది.

ఇంటి వెనక, కారు షెడ్డు పక్కన ఆమెకొక గది ఇచ్చారు. ఫ్యాను, కుట్టుమిషను, మూడు పూటలా భోజనం. భర్త పోయాడు, కూతురు భూలక్ష్మికి పెళ్లయింది, ఇంకేం కావాలి అని అందరూ అన్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఆ తర్వాత నియమాలు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి సినిమాకూ కొత్త గుడ్డలే కావాలి. వాటి మీద ఇంకొకరి సూది పడకూడదు. ముహూర్తం ఎప్పుడు పెడతారో తెలియదు కాబట్టి ఆమె ఎక్కడికీ వెళ్లకూడదు. భూలక్ష్మి కాన్పుకు మూడు గంటలు పంపారు, అదీ కారులో. డ్రైవరు ఆసుపత్రి బయట ఇంజను కూడా ఆపలేదు. పుట్టిన పిల్ల సరిగ్గా కళ్లు తెరిచేలోగా అమ్మమ్మ కారెక్కేసింది. ఆ పిల్లను నేనే, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను.

ఒకసారి సినిమా ఆడలేదు. మూడో రోజుకే హాళ్లు ఖాళీ. బంగళా అంతా బిక్కచచ్చిపోయి ఉంటే, పుష్పవల్లి తన గదిలో చీరలు మడతపెట్టి ట్రంకుపెట్టె సర్దుకుంది. సాయంత్రం శారదాదేవి గారు వచ్చి, తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయిందన్నారు. ముహూర్తం రోజు వంటవాడు ఒక గుండిగను తన భుజం మీది తువ్వాలుతో పట్టుకున్నాడట. ఇకమీదట ప్రతి ముహూర్తానికీ పుష్పవల్లే దగ్గరుండి మోయించాలని తేల్చారు. పెట్టె మళ్లీ మంచం కిందికి వెళ్లింది.

1994 ఎండాకాలంలో, యూసుఫ్‌గూడలో భూలక్ష్మి ఇంటి పక్కనే రోడ్డు వైపు తలుపున్న గది ఒకటి ఖాళీ అయింది. శుక్రవారం దాకా ఆగుతానని ఇంటి ఓనరు మాటిచ్చాడు. సొంత మిషను, సొంత తాళం, పనయ్యాక ఒళ్లో మనవరాలు. పుష్పవల్లికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ అడిగితే పంపరు. అంతకుముందు మూడుసార్లు అడిగింది. తిట్టి ఉంటే తిరగబడేదే. వాళ్లు తిట్టరు. నువ్వు వెళ్తే ఎలాగమ్మా అని బాధపడి, ఇంకో చీర పెడతారు.

ఉపాయం భూలక్ష్మిదే. గేటు దగ్గర నిలబడి చెప్పింది.

"మొదటి పిక్చర్ గుడ్డలు నువ్వు కుట్టలేదని చెప్పు. ఎర్రగడ్డ అంగట్ల కొనుక్కొచ్చిన అను. గంతే."

"నేనే కుట్టిన గదనే."

"నాకు తెల్వదా? జర అబద్ధమాడితే ఏమైతది? నీ చెయ్యి కాదని తెలిస్తే వాళ్లకు నీతోని పనేంది?"

రెండు రోజులు పుష్పవల్లి ఆ ఒక్క డైలాగే బట్టీ పట్టింది. ఆదివారం అంగడి, చెట్టు నీడన గుడ్డలు పరుచుకున్న ముసలామె. ఆ లేని ముసలామెకు పేరు కూడా పెట్టింది.

గురువారం మధ్యాహ్నం భోజనానికి కొత్త డైరెక్టరు, అతని భార్య వచ్చారు. పుష్పవల్లి తలుపు దగ్గర నిలబడి, "సారూ, ఒక మాట. మొదటి పిక్చర్ గుడ్డలున్నయి గద, అవి..." అని మొదలుపెట్టింది. సెంటిమెంటు విషయం కనుక వెంకటరత్నం గారు నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి ఆమె వైపు చూశారు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు భార్య బల్ల మీది మసిగుడ్డను రెండు వేళ్లతో ఎత్తింది.

"ఇలాంటివి అబిడ్స్‌లో డజన్ల లెక్కన దొరుకుతున్నాయండీ," అంది శారదాదేవి గారితో.

అవునమ్మా అంటే చాలు. పుష్పవల్లి ఆడాల్సిన అబద్ధంలో సగం ఆవిడే ఆడిపెట్టింది.

పుష్పవల్లి లోపలికి నడిచి వచ్చి, ఆవిడ చేతిలోని గుడ్డ తీసుకుంది. "గవి వేరే అమ్మా. గవిట్ల దూది పెడ్తరు, రెండు ఉతుకులకే ఉండలు కడ్తది. నా దాంట్ల కంబళి ఉన్నది," అని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద కుతకుతలాడుతున్న పప్పుచారు గిన్నెను ఆ గుడ్డతోనే పట్టుకొచ్చి ఆవిడ ముందు నిలబడింది. దించదు, కదలదు. చివరికి డైరెక్టరు భార్యే చాలమ్మా, దించు అని బతిమాలింది.

వెంకటరత్నం గారికి విషయం గుర్తొచ్చింది. "మొదటి పిక్చర్ గుడ్డల గురించి ఏదో చెప్పబోయావు?"

"నేనే కుట్టిన సారూ," అంది పుష్పవల్లి. "ఒక్కొక్క కుట్టూ నాదే."

ఆయన సంతోషించి, పదో తారీఖున ముహూర్తమని, ఈసారి ఎనిమిది కావాలని చెప్పారు.

శుక్రవారం దాటింది. యూసుఫ్‌గూడ గదిలో ఎవరో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నారు. ఆ మాట చెప్పడానికి భూలక్ష్మి గేటు దగ్గరికి వచ్చి, అసలేం జరిగిందని నిలదీసింది. పుష్పవల్లి అంతా చెప్పింది. డైరెక్టరు భార్య మొహం ఎలా మాడిందో మాత్రం రెండుసార్లు చెప్పింది.

"డజన్ల లెక్కన అన్నదా?" అని అడిగింది భూలక్ష్మి.

"డజన్ల లెక్కననే."

"దాని మొహం," అంది భూలక్ష్మి.

బస్సు వేళ అవుతోందని ఆమె కదిలింది. మాటల్లో పడి పుష్పవల్లి కూడా కూతురి వెంట గేటు అవతలికి రెండడుగులు వేసింది.

వాచ్‌మన్ ఓదెలు స్టూలు మీద నుంచి లేచాడు. చాలా మర్యాదగా, "అమ్మగారిని అడిగినవా అక్కా?" అన్నాడు.