వంతెనకు కట్టిన తాడు

మే నెల మొదటి వారం. పొద్దున ఐదున్నరకు కొత్తగూడెంలో రైలు దిగాం, కేంద్ర బలగం జవాన్లం. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులు. ట్రంకు, రైఫిలు, వీపున ఇరవై కిలోల బరువు. ట్రక్కులో బూర్గంపాడు దాకా తారురోడ్డు, ఆ తర్వాత ఎర్రమట్టి. పన్నెండుకు పోస్టు చేరాం. ఇసుక బస్తాలు, రేకుల షెడ్డు, ఎదురుగా వాగు. కొంచెం దిగువన, వాగు వంపు అవతల, నిజాం కాలపు రాతి వంతెన. మూడు కమానులు, నల్లరాయి, సున్నం. ఒక పక్క పిట్టగోడ పదడుగుల మేర కూలిపోయి ఉంది.

దాన్ని నక్సలైట్లు పేల్చకుండా చూడటం మా డ్యూటీ. అట్లాంటి కట్టడం ముందు జనం ఫోటోలు దిగుతారు. నేను ఏడు నెలలు దాని కిందికి వంగి వైర్లు వెతికాను.

మా వాళ్లలో తెలుగు వచ్చినవాడిని నేనొక్కడినే. కరీంనగర్‌లో మాది కిరాణా కొట్ల బజారు. నడక కన్నా ముందు బేరం నేర్చినవాడిని. అందుకే పోస్టు కమాండర్ కూరగాయలు కొనే పని, ఊరివాళ్లతో మాట్లాడే పని నాకే అప్పగించాడు. కొట్టువాడినని హిందీలో లాలా అని పేరు కూడా పెట్టాడు. ఊళ్లో ఏ చిన్న మాట విన్నా తన చెవిన వేయాలని ఆర్డరు.

వాగు అవతలి కోయగూడెం నుంచి జోగమ్మ అనే ముసలావిడ మొర్రిపండ్లు, చింతచిగురు తెచ్చేది. నన్ను ఓడించిన బేరగత్తె ఆమె ఒక్కతే.

"గిన్ని పండ్లకు గంత ధరనా అవ్వా? అడివేమన్న నీదా?"

"నీదా మరి? తుపాకి వట్టుకుంటె నీదయితదా సేటూ?"

మే చివర్లో ఒక సోమవారం, గంప ఎత్తుకుంటూ అంది: "ఎల్లుండి మా భూమి పండుగ. మొగోళ్లంత అడివిలకు యాటకు పోతరు. మేం ఆడోళ్లం వంతెన మీద తాడు కట్టి దారి ఆపుతం. పోయేటోళ్లు ఏమన్న ఇచ్చి పోవాలె. మీ సారుకు జెప్పు."

"మా సారు జేబుల చెయ్యి వెట్టుడు నాతోనే కాదు, నీతోనయితదా?"

"జెప్పు బిడ్డా. మరువకు."

సరేనన్నాను. చెప్పలేదు. ఇదీ బేరంలో ఒక ఎత్తే, చందా పేరుతో నన్ను గుంజుతోంది అనుకున్నాను. చెబితే కమాండర్ ముందు నవ్వుతాడు, తర్వాత కాగితం మీద రాసిమ్మంటాడు. ఆ ఎండలో రాతపని ఎవడు చేస్తాడు? నేను తెలివైనవాడిని కదా, తప్పించుకున్నాను.

బుధవారం ఆరుంబావుకు దారి తనిఖీకి బయల్దేరాం. ముందు మందుపాతరలు పసిగట్టే యంత్రం పట్టినవాడు, అతనితో మరో ముగ్గురు. రెండు వందల గజాల వెనక కమాండర్, రేడియో జవాను, నేను. ఆరూ నలభైకి రేడియో పలికింది.

"వంతెన మీద అడ్డం. తాడు, దుంగ."

"మనుషులు?"

"అవతలి చివర పిట్టగోడ వెనక నక్కి ఉన్నారు. గూడెం వైపు మగవాడన్నవాడు కనబడటం లేదు."

కమాండర్ ముఖం బిగిసింది. "మాటు వేశారు. పొజిషన్."

నాకు వెంటనే అర్థమైంది. పండుగ తాడని అరిచి ఉంటే అంతటితో ఆగిపోయేది. కానీ ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలా అని, ఎర్రమట్టిలో బోర్లా పడుకుని లెక్కలు వేసుకుంటున్నాను. అంతలో ఆడవాళ్లు కేకలు వేస్తూ, పాడుతూ గోడ వెనక నుంచి బయటికి దూకారు. దారిన వచ్చేవాళ్లను అట్లా ఉలిక్కిపడేలా చేయడం ఆ పండుగ సరదా. ముందువాడు గాల్లోకి రెండు రౌండ్లు పేల్చాడు. అందరూ చెదిరి పరుగెత్తారు. జోగమ్మ కూలిన గోడ వైపు పరుగెత్తింది.

కింద మోకాలి లోతు నీళ్లు, బండలు. తుంటి విరిగింది. స్ట్రెచర్ మీద పైకి తెచ్చాం. కమాండర్ ఆమె పక్కన మోకాలు వంచి కూర్చున్నాడు.

"లాలా, అడుగు. ఎవరు కట్టమన్నారు?"

అడిగాను.

"ఎవలంటరేంది? మేమే కట్టినం, పండుగకు. నీకు ముందుగాల్నే జెప్పిన గద సేటూ. సారుకు జెప్పు, ఇడిచిపెడతడు."

నేను హిందీలో చెప్పాను: "ఎవరు కట్టమన్నారో తెలియదంటోంది సార్."

"మనవాళ్లలో ఎవరికైనా ముందుగా చెప్పారా?"

"లేదంటోంది సార్."

రిపోర్టులో 'మాటును భగ్నం చేశాం' అని రాశారు. ఆమెను కాపలాతో భద్రాచలం దవాఖానాకు, అక్కడి నుంచి జైలుకు పంపారు. గూడెంవాళ్లు వంతెన ఎక్కకూడదన్నారు. వానాకాలమంతా వాళ్లు మెడలోతు నీళ్లలో వాగు దాటారు, నేను పైనుంచి కాపలా కాశాను. చింతచిగురు మళ్లీ ఎవరూ తేలేదు. మేం వచ్చేసేనాటికి ఆమె ఇంకా జైల్లోనే ఉంది. లేచి నడవలేకపోతోందని విన్నాను.

డిసెంబరులో ఇల్లు చేరాను. అడవిలో ఏం చూశావని బజారువాళ్లు అడిగితే, బేరంలో నన్ను ఓడించిన ముసలమ్మ కథ చెప్పి నవ్విస్తాను. ఆమె గెలిచిన దగ్గరే ఆపేస్తాను.

నేను చెప్పకుండా వదిలేసిన చోట ఆమె ఇంకా స్ట్రెచర్ మీదే ఉంది. ఆమెకు హిందీ రాదు. నేను పలికే ఒక్కో అబద్ధానికి, తన మాటే సారుకు చేరుతోందనుకుని, ఆ నొప్పిలోనే "అవ్... అవ్..." అంటూ ఔనన్నట్టు తల ఊపుతోంది.