ముహూర్తం దాటాక పుట్టిన పిల్ల

మొన్న అమలాపురం ఆసుపత్రిలో మా చిన్నమ్మాయి ఓ కాగితం నా చేతికిచ్చి చదవమంది. తొలి కాన్పు ఆపరేషనైన దానికి ఇప్పుడు రెండో కాన్పుకి నెలలు నిండుతున్నాయి. మామూలు కాన్పుకి ప్రయత్నిస్తే ఏమవుతుందో, మళ్ళీ కోస్తే ఏమవుతుందో ఆ కాగితంలో తెలుగులో రాసి ఉంది. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కనుక కూడబలుక్కుంటూనే అయినా, ఆఖరి వరస దాకా చదివాను. చదువుతున్నంతసేపూ ఇదే పిల్ల నా కడుపులో ఉన్న రోజులే కళ్ళముందు కదిలాయి.

అంతకు మూడేళ్ళ ముందు, పెద్దమ్మాయప్పుడు, నాకు కోసేరు. ఎందుకు కోశారో ఎవరమూ అడగలేదు. నేను వేలిముద్ర వేశాను, అంతే. నా నడుము చిన్నదనీ, మామూలుగా కనలేననీ ఊరంతా అనుకుంటే నేనూ నమ్మాను. ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం మాత్రం రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవరులో పడి ఉండేది. రెండోసారి నెలలు నిండేసరికి మా అత్తగారు పంతులుగారి చేత ఆపరేషనుకి ముహూర్తం పెట్టించేశారు.

"గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి దివ్యంగా ఉందన్నారే. ఎలాగూ కొయ్యాల్సిందే కదా, ఆ కోసేదేదో మంచి ఘడియలో కోయించుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నారు.

ఆ ముహూర్తం చెప్పడానికే డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళాం. ఆవిడ పాత కాగితం తీసి చదివి, "ఇందులో నీ నడుము సంగతే లేదమ్మా. బిడ్డ కాళ్ళతో వస్తోందని కోసేరు. ఈసారి తల కిందికే ఉంది, మామూలు కాన్పుకి చూడొచ్చు. నీకేం చెయ్యాలనుంది?" అన్నారు. నాకేం కావాలో అంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నొప్పుల్లో పాత కోత లోపల విచ్చుకునే ప్రమాదం తక్కువే అయినా ఉందనీ, విచ్చుకుంటే ఇద్దరి ప్రాణాలమీదికీ వస్తుందనీ, ఆవిడ కొయ్యాలన్న క్షణాన మారుమాట లేకుండా ఒప్పుకోవాలనీ దాచకుండా చెప్పారు. భయం వేసింది. అయినా, "నొప్పులొచ్చేదాకా చూస్తానండీ" అన్నాను.

"ఆయ్, ఇంక మాదేముందండీ, అంతా తమరిదీ మా కోడలిదీనూ!" అన్నారు అత్తగారు.

మాది ఏటి మధ్య లంక ఊరు. నొప్పులొచ్చాక గోదావరి దాటడం కుదిరే పని కాదని ఆసుపత్రి వెనక వీధిలో ఉన్న మా పిన్ని ఇంట్లో దిగాం. గురువారం తొమ్మిదిన్నర దాటుతుంటే అత్తగారు గడియారం వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. శనివారం తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ మాటిమాటికీ బిడ్డ గుండె చప్పుడు వింటూ, పాత కోత దగ్గర నొప్పిగా ఉందా అని అడుగుతూ పక్కనే ఉంది. ఎదురుగా ఆపరేషను గది తలుపు తెరిచే ఉంచారు. మధ్యాహ్నం భోజనాల వేళకి, ఆ తలుపు దాటే పని లేకుండానే, పిల్ల పుట్టింది. అత్తగారు పిల్లని చూడక ముందే టైమెంతయిందని అడిగారు, జాతకం రాయించాలని! తర్వాత లంకలో ఇంటింటికీ తిరిగి నా సంగతి ఆవిడే గొప్పగా చెప్పుకున్నారు.

ఆ పిల్ల ఇప్పుడు మళ్ళీ ఆపరేషనే కావాలంది. తొలిసారి పగలూ రాత్రీ నొప్పులు పడీ చివరికి కోయించుకున్నానని, ఇంక ఆ ఓపిక లేదని చెప్పింది. నాలాగే ప్రయత్నించమందామని నోటిదాకా వచ్చింది. కానీ అది నాకంటే ముందే ఆ కాగితం చదివింది, డాక్టరుని పది ప్రశ్నలు అడిగింది, ఆలోచించుకునే చెప్పింది. ఆ ధీమా చూస్తే నా కాన్పుకంటే ఎక్కువ గర్వమనిపించింది. సాక్షి సంతకం నేనే పెట్టాను.

ఈ రోజుల్లో ఆడపిల్లలు అడిగి తెలుసుకుంటున్నారు. మా అమ్మ మాత్రం నా రెండు కాన్పుల మధ్యలోనే పోయింది, తన చిన్న నడుము పోలికే నాకొచ్చి కోత పడిందని కుములుతూ. ఆ కవరులోది ఒక్క కాగితం, నాలుగు వరసలు. అది చదివి అమ్మకి చెప్పడానికి అప్పట్లో మాలో ఒక్కరికీ అక్షరం రాదు.