మందు పడందే వైరు లేదు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో నెట్ సెంటర్ నడిపే అన్న దోమను కూడా పరీక్ష చేశాకే లోపలికి రానిచ్చేవాడని నేను ఇప్పటికీ చెబుతుంటాను. అందులో అబద్ధం సగమే. ఎవరు లాప్‌టాప్ తెచ్చినా ముందు దాని యాంటీవైరస్ చూసి, ఆ తర్వాతే నెట్ వైరు చేతికిచ్చేవాడు. ఒకసారి ఎవరి లాప్‌టాప్ నుంచో వైరస్ పాకి ఆయన కంప్యూటర్లన్నీ పడకేశాయట.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ నాడు, సగం దించిన షట్టర్ కిందనుంచి లోపలికి దూరాను. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి సాయంత్రం ఐదింటి వరకే గడువు. వయసు లెక్కన నాకదే ఆఖరి అవకాశం. ఆయన కంప్యూటర్లన్నిటి ముందూ నాలాంటివాళ్లే కూర్చుని ఉన్నారు.

అన్న నా లాప్‌టాప్ తెరిచి పెదవి విరిచాడు. "యాంటీవైరస్ పాతగైంది తమ్మీ. కొత్త మందు ఎక్కియ్యాలె."

"ఎక్కడ దొరుకుతుందన్నా?"

"నెట్ల."

"అయితే వైరివ్వు."

"మందు లేకుంట వైరెట్లిస్త?"

పక్క కుర్చీలోని అమ్మాయి కిసుక్కున నవ్వింది. "పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు!"

ఆయనకూ నవ్వొచ్చింది గానీ వైరు మాత్రం వదల్లేదు. ఆ మందేదో ఆ అమ్మాయి కూర్చున్న కంప్యూటర్లోనే దింపి, సీడీకెక్కించి, నా లాప్‌టాప్‌లో వేశాడు. పరీక్ష మొదలైంది. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతుంటే, "జర జల్ది పోవే" అని ఆయనే దాన్ని బతిమాలాడు.

ఐదూ పదికి వైరు నా చేతిలో పెట్టాడు. తలెత్తి చూడలేదు.

"సాఫ్‌గున్నది తమ్మీ. ఒక్క పురుగు గూడ లేదు."